దొరమఠంలో ముందు భోజనం, తర్వాతే మేడ

ఆదోని కళాశాలలో చరిత్ర చదువుకున్న రోజుల నుంచి దొరమఠాన్ని చూడాలన్న కోరిక నాలో ఉండేది. ఎమ్మిగనూరు అవతల ఒక పల్లెలో పాత రాతి మఠం ఉండేదని, దాన్ని ఒక ఇంగ్లీషు దొర తీసుకొని, పైన తన దేశపు పద్ధతిలో మేడ కట్టుకున్నాడని మా అధ్యాపకులు చెప్పేవారు. డెబ్బై దాటాక ఇక వాయిదా వేయదలచుకోలేదు. తోడు వస్తామన్న వారందరినీ వద్దని, క్యారియర్‌లో చిత్రాన్నం సర్దుకొని, మొన్న గురువారం ఒంటరిగా బయలుదేరాను.

ఉదయం పదింటికి ఆదోనిలో పల్లెవెలుగు బస్సు ఎక్కితే పదకొండు దాటేసరికి ఎమ్మిగనూరు చేరవచ్చు. స్త్రీలు ఆధార్ కార్డు చూపితే ఛార్జీ ఉండదు. ఊరికే వచ్చేది నాకు రుచించదు కనుక డబ్బు తీసుకోమని కండక్టరుతో వాదించాను. "నీ దుడ్డు తీసుకుంటే నా ఉద్యోగం పోతాదవ్వా, కూర్చో," అన్నాడు. అక్కడి నుంచి రానూపోనూ ఆటోకు నాలుగు వందలు. పత్తి చేల మీదుగా మేడ పొగగొట్టం కనబడగానే ఆటో అతను నవ్వాడు. "ఈ ఎండల్లో దొరకు యాడ సలి పుట్టిందో."

కింద మఠపు నల్లరాతి స్తంభాలు, పైన అద్దాల కిటికీల మేడ. ఇల్లు చూసుకునే ఉరుకుందమ్మకు అరవై ఏళ్లుంటాయి. మేడ తాళంచెవి ఆమె చేతిలోనే ఉంది. మఠం నాటి ఆచారం అక్కడ ఇంకా నడుస్తోంది. మధ్యాహ్నం గడప తొక్కినవారు కింది భోజనశాలలో పంక్తిలో కూర్చుని తిన్నాకే పైకి వెళ్లాలి. అప్పటికే నలుగురు కూలీలు విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. నేను ఎవరింటా ఊరికే తిననని, నా భోజనం తెచ్చుకున్నానని చెప్పాను. ఆమె తాళంచెవిని నడుములో దోపుకుంది.

"దొర గూడా ఈడ తినే పైకి పోయినాడంట. నువ్వు దొర కన్నా పెద్దదానివా అక్కా?"

కూలీలు నవ్వారు. మేడ మెట్లు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. చూడకుండా వెనుదిరగడానికి మనసు రాలేదు, ఊరికే తినడానికి అభిమానం ఒప్పలేదు. చివరికి క్యారియర్ విప్పి, ముందు నేను వడ్డిస్తానన్నాను. ఉరుకుందమ్మను కూడా కూర్చోబెట్టి, అందరికీ చిత్రాన్నం పెట్టి, ఆమె చేసిన జొన్నరొట్టె, పప్పు నా విస్తట్లో వేయించుకున్నాను.

"ఉప్పు తక్కువైంది," అంది ఆమె, రెండోసారి పెట్టించుకుంటూ.

తిన్నాక మెట్లెక్కబోతే మోకాళ్లు మొరాయించాయి. ఆమె చేయి అందించింది. నేను పట్టుకున్నాను. మేడ మీద దొర కట్టించుకున్న చలిమంట గూటిలో మసి మచ్చైనా లేదు. అందులో ఉరుకుందమ్మ ఊరగాయ జాడీలు వరుసగా కొలువుదీరి ఉన్నాయి. వాటిని చూసి ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మఠం కట్టినవారు లేరు, మేడ కట్టిన దొరా లేడు. ఆ పంక్తి మాత్రం ఉంది, అందులో నాకూ ఒక విస్తరి వేశారు. తిరుగు బస్సులో కార్డు చూపి, కండక్టరు ఇచ్చిన టికెట్టును మారుమాట లేకుండా తీసుకున్నాను. వెళ్లదలచిన వారికి ఒక్క సలహా: పన్నెండు గంటలకల్లా చేరుకోండి, క్యారియర్ ఆరుగురికి సరిపడేలా నింపుకోండి, ఉప్పు సరిచూసుకోండి.