ఫకీర్ సాయిబు శుక్రవారం మెయిళ్లు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఎట్లా నమ్ముతాను? ప్రొద్దుటూరులో తిరిగే దయ్యాల్లో సగం నేను పుట్టించినవే. మైదుకూరు దారిలో లిఫ్టు అడిగే తెల్లచీర ఆమె నాదే. ఆమె తలలో మల్లెపూలు పెట్టింది కూడా నేనే, ఒక టీ కోసం. నన్ను కోతల నాగన్న అనేది ఊరికే కాదు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది నమ్మమని మిమ్మల్ని బలవంతపెట్టను. నాకే నమ్మబుద్ధి కాదు.

నాది నెట్ సెంటర్. కరెంటు బిల్లులు, హాల్ టికెట్లు, గల్ఫు దేశాలకు పోయేవాళ్ల కాగితాలు. మెయిలు లేనివాళ్లకు నేనే ఒకటి తెరిచి, పాస్‌వర్డు మా షాపు కార్డు వెనక రాసి చేతిలో పెడతాను.

పరుపులు కుట్టే ఫకీర్ సాయిబుకు అట్లాగే తెరిచి ఇచ్చాను. ఆయన కొడుకు ఖాజా గల్ఫులో డ్రైవరు. మొదట్లో రెండు మెయిళ్లు రాశాడు, తర్వాత మానేశాడు. సాయిబుకు చదువు రాదు. అయినా ప్రతి శుక్రవారం నమాజు అయిపోగానే, గడ్డంలో దూది పోగులతోనే వచ్చి బల్ల పక్కన నిలబడేవాడు.

"ఏం నాగన్నా, మావోడు ఏమన్నా రాసినాడా?"

మెయిల్ తెరిచేవాణ్ని. ఆ పాత రెండూ తప్ప ఖాళీ. స్పామ్ కూడా చూసేవాణ్ని. అదీ ఖాళీ. ఆ ముఖం చూసి లేదని చెప్పలేక మొదటిసారి ఒక కోత కోశాను. క్యాంపులో వంటాయనది మన దువ్వూరేనట, శుక్రవారం శుక్రవారం రాగి సంగటి కెలుకుతాడట అని. సాయిబు నవ్వుకుంటూ పోయాడు. ఇంకోవారం, ఖాజా చెప్పు ఒకటి ఒంటె ఎత్తుకుపోయిందని చెప్పాను. ఆ రోజు ఆయన వీధి వీధికీ ఆగి అందరికీ చెప్పుకున్నాడు. దాదాపు ఏడాది అట్లా నడిచింది. నాకు అది పాపమని తోచలేదు. సరదాగానే ఉండేది.

ఒక శుక్రవారం ఆయన రాలేదు. మంచాన పడ్డాడని తెలిసి నేనే పోయాను. కళ్లతోనే అడిగాడు. చెవి దగ్గర వంగి, మూడోవాడికి వినపడకుండా చెప్పాను.

"రాసినాడు సాయిబూ. గేటు తెరిచినారు నాయనా, ఇంటికి వస్తాండా అని."

మర్నాడు సాయిబు కన్నుమూశాడు. ఖాజాకు సెలవు ఇవ్వలేదు. ఆ తర్వాత సాయిబు మెయిలుకు వచ్చేవన్నీ కోడలు షంషాద్ మెయిలుకు పోయేట్టు మార్చి, ఆ సంగతి మరిచిపోయాను. అప్పుడు కూడా అందులో ఖాజా పాత మెయిళ్లు రెండే ఉన్నాయి. ఆమె మెయిలు వేరే కంపెనీది. అదే మెడకు చుట్టుకుంది.

రెండేళ్ల తర్వాత ఒక గురువారం, పొద్దున పదకొండుకు, షంషాద్ జమ్మలమడుగు బస్సు దిగి నేరుగా షాపుకు వచ్చింది. ఖాజా పనిచేసే కంపెనీ మూతపడిందట. పాస్‌పోర్టులు, ఫోన్లు లాక్కొని ఒక్కో గదిలో పదకొండు మందిని పెట్టి గేటుకు తాళం వేశారట. అక్కడి మనవాళ్ల సంఘం ఒకటి టికెట్టూ బయటికి వచ్చే కాగితమూ మెయిల్ చేసిందట. సాయంత్రం నాలుగు లోపల అందిందని జవాబు రాకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇస్తారు. సంఘం వాళ్లు రెండుసార్లు పంపామంటున్నారు. ఈమెకు ఏదీ రాలేదు.

"ఏంది అన్నా ఇది, యాడికి పోయినట్టు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఖాజా ఎప్పుడో సంఘానికి ఇంటి చిరునామాగా రాసిచ్చింది తండ్రి మెయిలు. సంఘం మెయిలు అక్కడికి చేరుతోంది, అక్కడి నుంచి షంషాద్ మెయిలుకు బయలుదేరుతోంది. కానీ కవరు మీద పంపినవాళ్ల పేరు ఒకటి, మోసుకొచ్చినవాడు ఇంకొకడు. రెండూ కలవలేదని ఈమె మెయిలు కంపెనీ గడప బయటే తిప్పి పంపేస్తోంది.

సంఘానికి ఫోన్ చేసి వేరే మెయిలుకు పంపమన్నాను. చిరునామా మార్చాలంటే పాత చిరునామా నుంచే మెయిల్ రావాలన్నాడు అక్కడి మనిషి. ఖాజా మెయిలు తెరుద్దామంటే ఓటీపీ పోయేది లాక్కున్న ఫోనుకు. సాయిబు మెయిలు తెరుద్దామంటే పాస్‌వర్డు నాకు గుర్తులేదు. రెండుసార్లు తప్పు కొట్టాను. ఇంకోసారి తప్పితే రోజంతా తెరుచుకోదని హెచ్చరిక వచ్చింది. ఏ తలుపు తట్టినా ఇంకో తలుపు చూపిస్తోంది, అదీ మూసే ఉంది. ఫ్యాను కింద కూర్చొని చెమటలు కక్కాను. అంత దూరాన తాళం వేసిన గదిలో ఖాజాతో పాటు నేనూ ఉన్నట్టు అనిపించింది.

"మా మామ కండ్లద్దాల డబ్బాలో నీ కార్డు ఉండాల అన్నా," అంది షంషాద్. డబ్బా జమ్మలమడుగులో వాళ్ల పుట్టింట్లో ఉంది. ఇంట్లో ఉన్న తల్లికి చదువు రాదు, ఫోన్లో చదివించే దారి లేదు. బండి మీద ఇద్దరమూ పోయాం.

కార్డు ఉంది. పంచలో కూర్చొని షంషాద్ ఫోన్లోనే తెరిచాను. నా కంప్యూటరు కాదు, నా చేతివాటం అనుకోవడానికి వీల్లేదు. అన్నిటికన్నా పైన టికెట్టు. అందిందని జవాబు కొట్టి టైము చూస్తే మూడూ నలభై. షంషాద్ కొంగు నోట్లో కుక్కుకొని గోడకు ఆనుకుంది.

అప్పుడు కిందికి జరిపాను.

ఖాజా దగ్గరి నుంచి మెయిళ్లు. వరసగా. అన్నీ శుక్రవారాలవే. వంటాయనది దువ్వూరే నాయనా. ఒంటె నా చెప్పు ఎత్తుకుపోయింది నాయనా. నేను సాయిబుకు చెప్పిన ప్రతి కోతా, నా మాటల్లోనే. చివరిది సాయిబు పోయే ముందురోజుది. గేటు తెరిచినారు నాయనా, ఇంటికి వస్తాండా.

ఆ మాట ఆయన చెవికి, నా నోటికి తప్ప ఎవరికీ తెలియదు.

తర్వాత నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. ప్రతి మెయిలుకూ లోపల, అది ఏయే దారిలో వచ్చిందో, పంపినవాడు అసలువాడో కాదో రాసి ఉంటుంది. నిజమైన టికెట్టు దారిలో ఆగిపోయింది. నా అబద్ధాలు మాత్రం ఒక్క పరీక్ష కూడా తప్పలేదు.

తొమ్మిదో రోజున ఖాజా వచ్చాడు. ఇప్పుడు పులివెందులలో టిప్పరు తోలుతున్నాడు. కొత్త ఫోనులో తన మెయిలు తెరిచి నాకు చూపించాడు. పంపినవాటిలో మొదటి రెండే ఉన్నాయి. తండ్రి మెయిలులోవి ఒక్కొక్కటే చదువుకున్నాడు.

"నేను రాయల్యా అన్నా," అన్నాడు. "కానీ ఒంటె చెప్పు ఎత్తుకపోయింది నిజమే. నగుతారని ఎవురికీ చెప్పల్యా."

దువ్వూరు వంటాయన సంగతి అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

కంప్యూటర్లు తెలిసినవాళ్లను అడిగి చూశాను. నా పేరు వినగానే నవ్వుతారు. ఏం జరిగిందో నేను చెప్పలేను. కోతలు మాత్రం మానేశాను. తెల్లచీర ఆమెను కూడా వదిలేశాను. ఆ దారిలో పొద్దుగూకితే నేను పోను.

పోయిన శుక్రవారం చిలమకూరు నుంచి ఒకామె వచ్చింది. భర్త గల్ఫులో ఉన్నాడు, మూడు నెలలుగా ఫోను లేదు.

"అన్నా, మా ఆయన ఏమన్నా రాసినాడా?"

చూశాను. స్పామ్ కూడా చూశాను.

"ఏం రాలేదమ్మా."

ఆమె కదల్లేదు. బల్ల అంచు పట్టుకొని నిలబడింది. "ఫకీర్ సాయిబుకు చెప్తాంటివంట గదా. బాగుండాడని నాకూ ఒక మాట చెప్పన్నా."

నోరు తెరిచాను. చెప్తే ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే ఏమవుతుందో అదీ తెలియదు. ఆమె అట్లాగే నిలబడి ఉంది.