త్వెనెబోవా వచ్చిన పని

పొకువా చేపల కొట్టు చుట్టూ త్వెనెబోవా పెళ్ళి కోసం తిరుగుతున్నాడని టఫో పేటంతా చెప్పుకున్నారు. చెప్పుకోవడంతో ఊరుకున్నారా? చర్చిలో పాటలు పాడే ఆడవాళ్ళు పెళ్ళికి అందరూ ఒకే రంగు బట్ట కుట్టించుకోవాలని రంగు కూడా ఖాయం చేసేశారు. కుమాసి నగరంలో నోళ్ళకు తాళాలు అమ్మే కొట్టు లేదు గనుక, జరిగింది జరిగినట్టు చెప్పాల్సిందే. అతను తిరగడం మొదలుపెట్టింది ఆమె కోసం కాదు. ఆమె ఫ్రీజర్ కోసం.

కొట్లవాళ్ళ ఫ్రీజర్లకు నెలనెలా గడ్డకట్టిన మంచు తీసి, కడిగి, చెడిపోకుండా చూసే చిన్న కంపెనీ ఒకటుంది. దానికి ఖాతాలు, అంటే నెలనెలా డబ్బు కట్టే కొట్లు, తేవడం త్వెనెబోవా ఉద్యోగం. వ్యాపారుల సంఘం సమావేశంలో "చూద్దాంలే" అన్న ప్రతివాళ్ళ వెంటా పడి, ఆ "చూద్దాంలే"ని "సరే" చేయించాలి. పొకువా కూడా "చూద్దాంలే" అంది. ఫోన్ చేస్తే "అయ్యో, నేను ఊళ్ళోనే లేనండీ" అనేది. వెనకాల ఆమె ఫ్రీజర్ గురక అతనికి చక్కగా వినిపించేది.

అందుకని స్వయంగా వెళ్ళాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. అక్కడి పాత మర్యాద ప్రకారం వచ్చినవాడికి కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, "వచ్చిన పనేమిటి" అని ఇంటివాళ్ళు అడగాలి. అడిగేదాకా వచ్చినవాడు పని ఊసెత్తకూడదు. ఈ కాలం పిల్లలు ఆ మర్యాదను గాలికొదిలేశారు గానీ, త్వెనెబోవాను పెంచింది అమ్మమ్మ. నలభై దాటినా ఆవిడ పెంపకం అతన్ని వదల్లేదు.

పొకువా గడుసు మనిషి. మొగుడు పోయాక ఒంటిచేత్తో కొట్టు నడుపుకొస్తోంది. అతను రాగానే కుర్చీ వేసేది, నీళ్ళ ప్యాకెట్ ఇచ్చేది. వానల గురించి, అతని మోకాలి నొప్పి గురించి, పాస్టరుగారి భార్య కొత్త సవరం గురించి అడిగేది. ఆ ఒక్కటి తప్ప అన్నీ అడిగేది. అడిగితేనే కదా కాదనే పాపం! త్వెనెబోవా ప్యాకెట్ మూల కొరికి, నీళ్ళు తాగి, దణ్ణం పెట్టి లేచేవాడు.

ఆ కిటుకు వీధంతా పాకింది. మాంసం కొట్టువాడూ, ఐస్ అమ్మే ఆవిడా అందరూ అదే పాట. మధ్యాహ్నానికి త్వెనెబోవా పొట్ట నిండిన తోలుతిత్తిలా బొళబొళలాడేది. వీధి చివర మరుగుదొడ్డి కాపలావాడు అతను దూరాన కనబడగానే తలుపు తీసి పట్టుకునేవాడు.

ఆఫీసులో అధికారిణి రాజధాని అక్రాలో పుట్టి పెరిగిన మనిషి, ఈ మర్యాదలు ఎరగదు, నోరు పెద్దది.

"శుక్రవారంలోగా ఒక్క ఖాతా అయినా తే. లేకపోతే కంపెనీ బండి తాళాలు బల్ల మీద పెట్టి ఇంటికి పో!"

"వాళ్ళు అడగట్లేదండీ."

"వాళ్ళు అడగడమేంటయ్యా? చెప్పాల్సింది నువ్వు!"

"అడక్కుండా చెబితే మా అమ్మమ్మ సమాధి లోంచి లేచొస్తుందండీ."

ఈలోగా పుకారు పొకువా చెవినీ పడింది. పడ్డాక నీళ్ళ ప్యాకెట్ కాస్తా చల్లటి, తియ్యటి మాల్ట్ పానీయం సీసా అయింది. పక్కన వేయించిన చేప చేరింది. జడలు కొత్తగా అల్లించుకుంది, చేపల కొట్టులో లేసు గౌను వేసుకుని కూర్చుంది. "ఫ్రీజర్ విషయంలో మెత్తబడుతోంది" అనుకున్నాడు త్వెనెబోవా. చేప కమ్మగా ఉంది. ఆమె నవ్వితే పొలుసులంటిన చేతిని నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా బాగుందనిపించింది. పనిలో ఉండగా అలాంటివి చూడకూడదని తల తిప్పుకున్నాడు.

శుక్రవారం వెళ్ళేసరికి కొట్లో పొకువా మేనమామ అడార్క్వా భుజం మీదుగా పెద్ద బట్ట చుట్టుకుని కూర్చున్నాడు. అటొక పెద్దమనిషి, ఇటొక పెద్దమనిషి. బయట, ఏనాడూ చేప తినని ఆడవాళ్ళు కూడా చేపలు బేరమాడుతున్నారు.

కుర్చీ వేశారు. నీళ్ళిచ్చారు. తాగాడు.

"ఇక్కడ అంతా క్షేమం," అన్నాడు అడార్క్వా. "మేం కూర్చున్నచోటే ఉన్నాం, నడిచొచ్చింది నువ్వు. వచ్చిన పనేంటో చెప్పు నాయనా."

త్వెనెబోవాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఎన్నాళ్ళకు అడిగారు పెద్దాయనా!"

"చెప్పానా!" అంది బయట ఒకావిడ, పక్కావిడ డొక్కలో పొడుస్తూ.

అంతే, ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు. పేరుకున్న మంచు, తలుపు అంచున చిరిగిన రబ్బరు, నెలనెలా కడగడం, చెడిపోతే వెంటనే రావడం. చెప్పి, చెమట తుడుచుకున్నాడు. ఫ్రీజర్ ఒక్కటే గురక పెడుతోంది.

"ఫ్రీజరా?" అంది పొకువా. "ఇన్నాళ్ళూ నా చేపలు మెక్కింది ఫ్రీజర్ కోసమా? రాసుకో! రాసుకుని పో నీ ఖాతా!"

ఖాతా దొరికింది, ఉద్యోగం నిలబడింది. అయినా త్వెనెబోవా కుర్చీలోంచి లేవలేదు.

అడార్క్వా గొంతు సవరించుకున్నాడు. "ఇదిగో అబ్బాయ్, సూటిగా అడుగుతున్నా. మా పిల్ల కోసం రాలేదా నువ్వు?"

త్వెనెబోవా చెప్పులు విడిచి నిలబడ్డాడు. "ఫ్రీజర్ సంగతంటే నేనే చెప్పుకోవచ్చు పెద్దాయనా. ఆ సంగతి నా నోటితో నేను అంటే మా అమ్మమ్మ ఒప్పుకోదు, మా మేనమామ వచ్చి చెప్పాలి. ఆదివారం పంపిస్తాను. ముసలాయన, ఎక్కువ నీళ్ళు పట్టవు, కాస్త తొందరగా అడగండి."