ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు

ఇన్నేళ్లుగా ఒక పులిని దాచుకుని కాపురం చేస్తున్నాను. నవ్వొచ్చే మాటే, నవ్వండి. నాకు మాత్రం ఈ మధ్య అన్నం సరిగ్గా దిగడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. ఊళ్లో చెబితే సాయంత్రానికల్లా మా దుకాణానికి చేరుతుంది. అందుకే మీకు చెబుతున్నాను. నా పేరు అడగొద్దు.

మాది చేవెళ్లలో కిరాణా వ్యాపారం చేసుకునే కోమట్ల ఇల్లు. మొయినాబాద్‌లో ఇనుప సామాన్ల దుకాణం ఉన్నవాళ్లకు నన్నిచ్చారు. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఇంటినిండా జనం. సాఫ్ట్‌వేర్ వాళ్లు మా చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లు కట్టుకుంటున్న రోజులవి. గేట్లకూ పైపులకూ మా దగ్గరికే వచ్చేవాళ్లు. వాళ్లలో ఒకాయన తాను తీసిన పులి ఫొటో మా ఆయనకు చూపించాడు. అంతే, పిచ్చి పట్టుకుంది. కోడిని కూడా ముట్టని ఇంట్లో ఈ పులి గోలేమిటని మా అత్త నెత్తి కొట్టుకుంది.

కెమెరా కొన్నాడు. ఏడాదికోసారి పులులుండే అడవులకు ఇద్దరం రైలెక్కేవాళ్లం. తాడోబా, కన్హా, ఒకసారి రాజస్థాన్ దాకా. వెళ్లే ముందు చిల్కూరు గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసేవాడు. పులి కనిపిస్తే మొక్కు ప్రకారం నూట ఎనిమిది చేసి, ఆ తర్వాత తిరుగుళ్లు మానేసి దుకాణంలో కుదురుగా కూర్చుంటానని మా మామకు మాటిచ్చాడు. ఆ మాట మీదే మామ మమ్మల్ని పోనిచ్చేవాడు.

ఇంట్లో ఆయన నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు. రైలు కదిలాక పిలిచేవాడు. చపాతీలో పచ్చడి పెట్టి, చుట్టి చేతికిచ్చేవాడు. చిన్నప్పటి సంగతులు, ఎవరికీ చెప్పనివి, చెప్పుకుంటూ పోయేవాడు. పులి కనపడక తిరిగొచ్చేటప్పుడు ఆయన మొహం వేలాడేసుకునేవాడు. నేనేమో లోలోపల సంతోషపడేదాన్నా? పడేదాన్ననే అనుకుంటున్నాను.

తాడోబాకు రెండోసారి వెళ్లినప్పుడు జరిగింది. పొద్దున, జీపులో డ్రైవరు, గైడు, మేమిద్దరం. ఎడమ వైపు కోతులు అరిచాయి. పులి దగ్గర్లో ఉంటే అవి అలా అరుస్తాయట. ముగ్గురూ అటు తిరిగారు. నా కంట్లో దుమ్ము పడితే కొంగుతో తుడుచుకుంటూ ఇటు తిరిగాను. వెదురు పొదల్లోంచి వచ్చింది. అంత పెద్దగా ఉంటుందనుకోలేదు. నడుస్తుంటే పొట్ట కింది చర్మం అటూ ఇటూ ఊగింది. ఆగి నన్ను చూసింది. భయం వేయలేదు, ఏడుపొచ్చింది. చప్పుడు లేకుండా జీపు వెనక బాట దాటి టేకు చెట్లలోకి వెళ్లిపోయింది. అంతసేపూ నా చెయ్యి మా ఆయన చొక్కా పట్టుకునే ఉంది. ఒక్కసారి లాగితే చాలు. లాగలేదు.

కాసేపటికి ఆయన ఇటు తిరిగాడు.

"అటేమన్న కనవడ్డదా?"

"ఏం లేదు. కంట్ల దుమ్ము వడ్డది."

"జర సూస్తుండు. నువ్వటు సూడు, నేనిటు సూస్త."

సరేనని తలూపాను.

ఎందుకు చెప్పలేదు? పులి కనిపిస్తే ప్రయాణాలు ఆగిపోతాయని, మళ్లీ ఆ ఇంట్లో పేరు లేని మనిషినైపోతానని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ క్షణాన నిజంగా అంత ఆలోచించానా, లేక అన్నీ నలుగురితో పంచుకునే ఇంట్లో ఒక్కటైనా నాకే ఉండాలన్న కక్కుర్తా, లేక ఊరికే నోరు పెగల్లేదా? తెలియదు. సరే, అప్పుడు పెగల్లేదనుకుందాం. ఆయన అడిగినప్పుడు అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చింది!

తర్వాత కూడా వెళ్లాం. పులి కనపడలేదు. ఈలోగా షుగర్ ఆయన కళ్లను పట్టింది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. కెమెరా మరిది కొడుక్కి ఇచ్చేశాడు. ఇప్పుడు దుకాణంలో బోల్టులు చేత్తో తడిమి ఇస్తాడు. కోరిక తీరలేదు కాబట్టి నూట ఎనిమిది ప్రదక్షిణల మాట ఎత్తడు.

మొన్న టీ తాగుతూ అన్నాడు. "నాకైతే రాసిపెట్టి లేదు. నువ్వన్న సూసి ఉంటే మంచిగుండేది. నువ్వు చెప్తుంటే ఇనేటోణ్ణి."

నోటిదాకా వచ్చింది. చెబితే ఆయనకు పులి దొరుకుతుంది. దాంతోపాటే చొక్కా లాగని చెయ్యి కూడా తెలిసిపోతుంది. ఆ రెండూ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. స్టవ్ మీద పాలున్నాయని లేచి వంటింట్లోకి వెళ్లాను. పాలు లేవు.

అది ఎలా నడిచిందో, ఎలా చూసిందో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన వినాల్సిన మాటలు మీరు విన్నారు. నాకు కొంచెం ఊపిరి ఆడుతోంది. అది కూడా ఆయన దగ్గర దొంగిలించినట్టేనా? ఏమో.