తలకిందులైన సీసా

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, నేను రాజోలులో ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరుగా ఉండగా, మా సూపరింటెండెంటు గారినీ నన్నూ వారం రోజుల శిక్షణకు హైదరాబాదు పంపారు. అప్పటికి అమలాపురం బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ ఆయన బల్ల మీదే ఉంది. మా ఇల్లు అమలాపురంలో. రోజూ బస్సులో వెళ్లి రావడం నా మోకాళ్ల వల్ల కావడం లేదు.

ఆఖరి రోజు సాయంత్రం క్లాసు కాగానే ఆయన నన్ను పక్కకు పిలిచేరు.

"మందు తాగడానికి ఈ ఊళ్లో మంచి చోటేదో మీరే చూడాలండి. ఇన్నేళ్లు ఈ డిపార్టుమెంటులో చేసేరు కదా."

"ఆయ్" అన్నాను. నేను చుక్క ముట్టనని చెప్పడానికి నోరు రాలేదు. మద్యం గురించి నాకు తెలిసిందంతా సీసా బయటి సంగతే.

ఆ తెలిసిన పద్ధతిలోనే వెతికాను. మొదటి బారులో గోడకు లైసెన్సు కనపడలేదు, ఆయన్ని బయటికి నడిపించాను. రెండోదాంట్లో ఉంది గాని గడువు దాటింది. ఆయన చెమట తుడుచుకుంటూ, "మనం తాగడానికొచ్చేమండీ, తనిఖీకి కాదు" అని గుర్తుచేశారు. మూడోచోట లైసెన్సు సక్రమంగా ఉంది. బదిలీ ఖాయమనుకుని కూర్చున్నాను.

సీసా వచ్చింది. నా చెయ్యి నా మాట వినలేదు. సీసాను తలకిందులు చేసి లైటుకెదురుగా పట్టుకున్నాను. నలుసులు తేలితే కల్తీ అని అనుమానించాలి. హోలోగ్రామ్‌ను గోటితో గీకాను, బ్యాచ్ నంబరు పైకి చదివాను. నిజానికి మాది పక్క రాష్ట్రం. అక్కడ నా అధికారం మామూలు కస్టమరుదే. ఆ సంగతి మేనేజరుకు తెలియదు. శాంపిల్ తీస్తానని భయపడ్డట్టున్నాడు, చేతులు కట్టుకుని వచ్చి సీసా తీసుకుపోయాడు. ఆ బ్రాండు అయిపోయిందన్నాడు. సూపరింటెండెంటు గారు ఇంకోటి అడిగారు. అదీ లేదట. బీరు అడిగితే ఫ్రిజ్ పాడైందన్నాడు. చివరికి రెండు నిమ్మసోడాలు ఉచితంగా వచ్చాయి. డ్యూటీలో ఉన్నా లేకున్నా ఉచితం పుచ్చుకోకూడదని నేను బిల్లు అడిగాను. అప్పుడు సూపరింటెండెంటు గారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

తిరిగొచ్చిన వారానికే అర్జీ వెనక్కి వచ్చింది. "ఇంత నిఖార్సయిన అధికారి సేవలు రాజోలుకే అవసరం" అని రాసి సంతకం చేశారు. ఒళ్లు మండింది గాని, అందులో తప్పుపట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు. అక్కడే రిటైరయ్యాను.

ఆ శిక్షణలో నేను నేర్చుకున్నది ఒక్కటే. పై అధికారి దాహంతో ఉన్నప్పుడు ఇన్‌స్పెక్టరు చేతులు జేబులో ఉండాలి.