తోకకు కట్టిన నిమ్మకాయ

మా బాపు మాట ఇస్తే తప్పడు. అందుకే అంత తేలిగ్గా ఇవ్వడు. ఇంజనీరింగ్ చివరి ఏడాది నేను రిమోట్‌తో ఎగిరే చిన్న విమానం తయారుచేస్తుంటే, కాశిబుగ్గలోని మా కిరాణా దుకాణంలో గిరాకీలందరి ముందూ తేల్చేశాడు.

"అది గాల్లకు లేస్తే విమానాల సదువుకు బెంగళూరు పంపుత. లేవకపోతే సప్పుడు చేయకుండ గల్లా మీద కూసోవాలె."

సరేనన్నాను. పొగరు నాకూ తక్కువేం కాదు, ఎవరి బిడ్డను!

ఆదివారం పొద్దున విమానాన్ని ఆటోలో కాలేజీ గ్రౌండుకు తీసుకెళ్లాం. రెక్క బయటికి పొడుచుకొస్తే దారంతా బాపే పట్టుకున్నాడు, "ఏం పిచ్చి పనులో ఏమో" అని గొణుగుతూ. గ్రౌండులో ఆటలకొచ్చిన వాళ్లంతా చుట్టూ మూగారు. రెక్కల కింద చెరో వేలు పెట్టి ఎత్తి చూశాను. తరాజులా నిలిచింది. ముక్కుకీ తోకకీ తూకం కుదరకపోతే ఏ విమానమూ మాట వినదు.

రిమోట్ సరిచూసుకోవడానికి కాస్త దూరం వెళ్లి వచ్చాను. బాపు విమానం పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని అమాయకంగా నిలబడి ఉన్నాడు. ఆయన అమాయకంగా కనిపించినప్పుడే అనుమానించాలని అమ్మ ఊరికే అనదు.

విమానం పరుగెత్తింది, లేచింది. లేవడమంటే మామూలుగా కాదు, ముక్కు ఆకాశానికి పెట్టి నిలువునా. దించుదామని ఎంత ప్రయత్నించినా వినలేదు. ఒక్క క్షణం గాలిలో ఆగి, పక్కకు ఒరిగి, ధబ్బున పడింది. నా బెంగళూరు కూడా దాంతోపాటే పడిపోయిందని ఏడుపొచ్చింది.

ముక్కలు ఏరుతుంటే తోక అడుగున నల్లదారంతో బిగించి కట్టిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కనిపించాయి. తోక చివర ఆపాటి బరువు చాలు, తోక కిందికీ ముక్కు పైకీ పోవడానికి. పుట్టినప్పటి నుంచీ తరాజు పట్టిన మనిషి చేసిన పని ఇది!

"ఏంది బాపూ ఇది?"

"కొత్త బండికి కట్టమా బిడ్డా? ముందట పంక తిరుగుతది గదా, అందుకే ఎన్కకు కట్టిన. గింతమంది సూస్తాండ్రు, దిష్టి తగలకుండ మంచిగ లేవాల్నని..."

కోపం సగంలోనే ఆగిపోయింది. అంటే, నేను గెలవాలని ఆయనకూ ఉందన్నమాట.

"ఇప్పుడు గల్లా మీద కూసోవాల్నా మరి?" అన్నాను ముక్కు చీదుతూ.

"ఎందుకు? లేచింది గదా, నా కండ్లార సూసిన. గాల్లకు లేస్తే అన్న గని, మంచిగ దిగాలె అన్ననా?"

తిరుగు ఆటోలో విరిగిన రెక్కను మళ్లీ బాపే పట్టుకున్నాడు. ఈసారి గొణగలేదు.