పసుపచ్చ గాలిని చూసొచ్చిన చాచా

మొన్న శుక్రవారం తెల్లవారి నమాజుకు లేవలేదని తలుపు తోస్తే, మా పక్కింటి టాంగా చాచా కన్నుమూసి ఉన్నాడు. "డెబ్బై దాటినయ్, గా రొమ్ముతోని గిన్నేండ్లు బతుకుడే ఎక్కువ" అన్నారు జనం. నాకైతే వాడకట్టే ఖాళీ అయినట్టుంది.

టాంగా నడపక ముందు ఆయన గుర్రాల సాయిసు. మొదటి పెద్ద యుద్ధంలో సికింద్రాబాద్ రిసాలా, అంటే గుర్రపు దళం, వెంట ఫ్రాన్సు దాకా పోయాడు. అక్కడ శత్రువులు పసుపచ్చటి విషవాయువు వదిలారు. గుర్రం మూతికి తొడుగు కట్టి, తనది కట్టుకునే లోపలే గాలి రొమ్ములోకి పోయింది. "గుర్రం నోరులేనిది గద భాయ్" అనేవాడు, దగ్గుకుంటూ.

నేను నాలుగో జమాత్ దాకా ఉర్దూ చదివాను. సాయంత్రం పేపరు నేను చదవాలి, ఆయన వినాలి. ఒకరోజు, ఏదో ఎడారి దేశంలో మళ్లీ అలాంటి వాయువే వదిలారని వచ్చింది. మొదటి పెద్ద యుద్ధం తర్వాత చాలా దేశాలు జెనీవాలో కూర్చుని, ఇక వాడేది లేదని సంతకాలు చేశాయని కూడా అందులోనే ఉంది.

"వాడొద్దని రాసుకున్నరు, సరే. తయారు చెయ్యొద్దని రాసుకున్నరా?"

వెతికాను. "లేదు చాచా."

"మరి గోదాముల పెట్టుకొని ఏం జేస్తరు? ఇంకోసారి సూడు, నీ కండ్లు మంచిగ లేవు."

మళ్లీ చూశాను. లేదు.

ఆ ఏడే మా వాడకు నల్లా వచ్చింది. ట్యాంకు దగ్గర నీళ్లలో క్లోరిన్ కలిపే నౌకరీ మా కొడుక్కు దొరికింది. మా వంశంలో బీయస్సీ చదివింది వాడొక్కడే! దూద్‌పేడాలు పట్టుకుని ముందు చాచా ఇంటికే పోయాం. ఆయన నల్లా నీళ్ల చెంబు ముక్కు దగ్గరికి తెచ్చుకుని కింద పెట్టేశాడు.

"గిదే వాసన. ఫ్రాన్సుల గా పసుపచ్చ గాలిది."

"చిటికెడే కలుపుతం చాచా, కలరా రాకుండ," అన్నాడు కొడుకు.

"గా గాలి తయారు జేసినోళ్లు గూడ సదువుకున్నోళ్లే బేటా."

పేడా ముట్టలేదు. మర్నాటి నుంచి బిందె పట్టుకుని మానేరు ఇసుకలో తవ్విన చెలిమెకు నడిచాడు, దారిలో మూడుచోట్ల ఆగి దగ్గుతూ. కొడుకు సాయం పోతే వద్దన్నాడు. నాతో మాత్రం ఎప్పటిలాగే పేపరు చదివించుకున్నాడు. నీ కొడుకు మంచి పని చేస్తున్నాడని ఒక్కమాట అంటాడేమోనని రోజూ చూసేవాణ్ని. "ఊరంత మెచ్చుకున్నా నీకు చాచా సర్టిఫికేటే కావాల్నా?" అని మా ఇంటామె ఎగతాళి. అవును, అదే కావాలి నాకు.

ఈ వానాకాలం పక్క ఊళ్లలో వాంతులు, బేదులు. మా వాడలో ఒక్కరికీ రాలేదు. అప్పటికీ ఆయన బిందెతో మానేరుకే నడిచాడు.

శుక్రవారం ఆ ఇంట్లో గొంతు ఎండిపోయి కుండ మూత తీశాను. వాసన! కొడుకును కేకేశాను. వాడు ముంచి చూసి, "మన నల్లా నీళ్లే బాపూ" అన్నాడు.

ఎదురింటి ఆమె కొంగుతో కండ్లు తుడుచుకుంది. "వారం దినాల సంది పొద్దుగాల్నే గీ నల్లా నీళ్లే పట్టుకుంటుండె. 'పిలగాడు మంచిపనే జేస్తుండు, వాని బాపుకు చెప్పకు, ముసలోడు ఎగురుతడు' అన్నడు."

నిజంగానే ఎగరాలనిపించింది. ఈ వయసులో అంత సంతోషం నాకెన్నడూ కలగలేదు. ఒక గ్లాసు ముంచుకుని తాగాను. చాచాకని ఇంకో గ్లాసు ముంచాను. ఎవరికివ్వాలో తెలియక, దాన్ని పట్టుకుని ఆ గడపలోనే నిలబడ్డాను.