బాటకు అడ్డంగా పెట్టిన కొమ్మ

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు తాండూరులో ఉద్యోగం చేస్తూ, ఒక ఆదివారం వికారాబాద్‌లో రైలు దిగి అనంతగిరి అడవిలో నడకకు వెళ్ళాను. అటవీశాఖ వాళ్ళు చెట్లకు వేసిన సున్నపు గుర్తులను పట్టుకుని పోతుంటే బాట రెండుగా చీలింది. గుర్తులు లేని బాటకు అడ్డంగా పచ్చి కొమ్మ ఒకటి పడి ఉంది. ఊతకర్రకు పనికొస్తుందని తీసుకుని, ఆకులు దూసేసి, గుర్తులున్న బాటన నడిచాను.

కొంత దూరంలో మేకలు కాసే ముసలాయన కనిపించాడు. సొరకాయ బుర్రలోని నీళ్ళు ముందు నాకే ఇచ్చాడు.

“బిడ్డ సద్ది తెస్తున్నది సారూ. ఇద్దరం తిందాం, జర కూసోండ్రి.”

“మీరిక్కడున్నారని ఆమెకెలా తెలుస్తుంది?”

“మేకలు దినాం ఒక దిక్కు పోతయి. నేను పోని తొవ్వకు కొమ్మ అడ్డమేస్త. అది జూసి గిటు వస్తది.”

కర్రను నా వెనక్కు జరుపుకున్నాను. బండికి వేళయిందని లేచాను.

చీలిక దగ్గర, ఆకుల్లేని ఆ కర్రను మళ్ళీ అడ్డంగా పెట్టాను. అప్పటికే దాని అవతల మెత్తటి మట్టిలో లోపలికి వెళ్ళిన పాదాల జాడలున్నాయి. తిరిగి వచ్చినవి లేవు. ఒక్క కేకైనా వేయకుండా స్టేషన్ దారి పట్టాను.